తెలుగు మీదుగా స్పానిష్

స్పానిష్ నేర్చుకోవడానికి ఇంగ్లీషు రానక్కర లేదు. ఈ మాట ప్రొద్దుటూరులో ఎవరితో అన్నా నవ్వుతారు. పరాయి భాష ఏదైనా సరే, ఇంగ్లీషు గుమ్మంలోంచే లోపలికి పోవాలని మనకొక నమ్మకం స్థిరపడిపోయింది. ఇంగ్లీషు రాని పిల్లకు "భాషలు రావు" అని తీర్పు చెప్పేస్తాం. తెలుగు అన్నది భాషల లెక్కలోకి రానట్లు!

పులివెందులలో ఉండే మా చెల్లెలి కూతురికి అటువంటి తీర్పే పడింది. డిగ్రీ చదివింది. రెండు చోట్ల ఇంటర్వ్యూలకు పోతే "అమ్మాయికి భాష లేదు" అని తిప్పి పంపారు. భాష లేనిది ఆ పిల్లకా! చీనీ తోటలో కూలీలను నవ్విస్తూ మధ్యాహ్నం దాకా పని చేయించగలదు. వాళ్ళ అవ్వ చెప్పే సామెతల్లో ఏది ఎప్పుడు వేయాలో ఆ అవ్వ కన్నా బాగా తెలుసు. అయినా ఆ రెండు తిరస్కారాల తరువాత నలుగురిలో నోరు విప్పడం తగ్గించింది. మా చెల్లెలు ఫోను చేసి, "అన్నా, పాప అనంతపురం పోయి స్పానిష్ నేర్చుకుంటానంటాంది, నువ్వన్నా చెప్పు" అంది. మానిపించమని ఆమె ఉద్దేశం. నేను ఆ పిల్లను వేసవికి మా ఇంటికి పంపమన్నాను.

స్పానిష్ ఏమిటి, అనంతపురం ఏమిటి అనుకునేవారికి రెండు మాటలు చెప్పాలి. విసెంతె ఫెర్రర్ 1920లో బార్సెలోనాలో పుట్టాడు. 1952లో జెసూట్ మతబోధకుడిగా మన దేశానికి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతుల మధ్య పనిచేశాడు. 1968లో దేశం విడిచి వెళ్ళమన్నారు. మరుసటి ఏడే తిరిగి వచ్చి అనంతపురం చేరాడు. ఆర్.డి.టి. అని జనం పిలుచుకునే సంస్థ అలా మొదలైంది. 2009లో ఆయన పోయినప్పుడు బత్తలపల్లిలో సమాధి చేశారు. పులివెందుల నుంచి కదిరి మీదుగా పోతే బత్తలపల్లి దారిలోనే వస్తుంది. ఇక్కడి పిల్లల చదువుకు సాయం చేసే కుటుంబాలు వేలాదిగా స్పెయిన్‌లో ఉన్నాయి. ఉత్తరాలు అటూ ఇటూ పోతాయి, అప్పుడప్పుడు మనుషులూ వస్తారు. తెలుగు తల్లికీ స్పెయిన్ అతిథికీ నడుమ నిలబడి మాట చేరవేసే మనిషి కావాలి. అందుకే ఎడారి వంటి ఆ నేల మీద పల్లెటూరి పిల్లలకు స్పానిష్ నేర్పే బడి కూడా వెలిసింది. మా మేనకోడలి కన్ను దాని మీద ఉంది.

నా స్పానిష్ హ్యూస్టన్‌లో అంటుకున్నది. మా అబ్బాయి ఇంట ఆరేసి నెలల చొప్పున మూడు మార్లు ఉన్నాను. అక్కడి ప్రజా గ్రంథాలయంలో వారానికి రెండు రోజులు ఉచిత తరగతి జరిగేది. విశ్రాంత తెలుగు పండితుడికి అంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది? అది మెక్సికో వారి స్పానిష్. స్పెయిన్ పలుకుబడికి కొంత తేడా ఉంది కానీ పునాదికి సరిపోతుంది.

మొదటి ఉదయం శబ్దాలతో మొదలుపెట్టాం. స్పానిష్ అచ్చులు అయిదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఎక్కడ రాసినా అదే పలుకు, మన అక్షరాల వలెనే. త, ద లు మన దంత్యాలే. ఇంగ్లీషు వాళ్ళు ట, డ ల నుంచి అక్కడికి రావడానికి పడే పాట్లు మనకు లేవు. 'పెరొ' అంటే కానీ, 'పెర్రొ' అంటే కుక్క. మొదటి దానికి పెరుగులోని రకారం, రెండవ దానికి గొర్రెలోని రకారం చాలు. మన వర్ణమాలలో చేరి ఉద్యోగం లేక కూర్చున్న ఞ కు అక్కడ నిండా పని ఉంది: 'నీఞొ' అంటే పిల్లవాడు, 'నీఞ' అంటే పిల్ల. నేను అలవాటుగా "పాపా" అని పిలిస్తే ఒక చిక్కు వచ్చింది. హ్యూస్టన్ స్పానిష్‌లో 'పాప' అంటే ఉర్లగడ్డ. ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. స్పెయిన్‌లో 'పతాత' అంటారు కనుక ప్రమాదం లేదని సర్దిచెప్పాను.

అసలు విశేషం క్రియల దగ్గర ఉంది. ఇంగ్లీషులో ఉండడానికి ఒకటే క్రియ, స్పానిష్‌లో రెండు: సెర్, ఎస్తార్. ఏది ఎక్కడ వాడాలో తెలియక ఇంగ్లీషు వాళ్ళు ఏళ్ళ తరబడి తికమకపడతారు. మా తరగతిలో అమెరికన్ ముసలాయన ఒకాయన దీనికి రంగురంగుల పట్టికలు గీసుకున్నాడు. మనకు ఆ పట్టికలు అక్కరలేదు. "నేను పంతుల్ని" అనేటప్పుడు తెలుగులో క్రియే లేదు. నేను అన్నది పంతులు మీదనే అంటుకుంటుంది. "నువ్వు పంతులివి" అంటే వివర్ణం మారినట్లు ముగింపు మారుతుంది. అక్కడ సెర్ వస్తుంది: సొయ్ మఎస్త్రొ, ఎరెస్ మఎస్త్రొ. "ప్రొద్దుటూరులో ఉండాను" అనేటప్పుడు ఉండు ఉంది. అక్కడ ఎస్తార్: ఎస్తొయ్ ఎన్ ప్రొద్దుటూర్. ఇక మన కడప యాస ఉంది చూడండి, దానికి ఈ భాషతో ఏదో పాత చుట్టరికం ఉన్నట్లు తోస్తుంది. "తింటాండాను" అంటే తింటా, ఉండాను. స్పానిష్‌లో 'ఎస్తొయ్ కొమియెందొ': ఉండాను, తింటా. చనిపోయిన మనిషి గురించి ఎస్తార్ ఎందుకు వాడతారో, అది శాశ్వత స్థితి కదా అని ఆ ముసలాయన వాదించేవాడు. "చనిపోయి ఉన్నాడు" అనే మనకు ఆ వాదనే తట్టదు. అందంగా ఉంది, ఎత్తుగా ఉంది అన్న చోట మాత్రం ఈ కిటుకు పనిచేయదు. ఎత్తు మనిషి లక్షణం కనుక అక్కడ వాళ్ళు సెర్ వాడతారు. ఆ -గా కనబడినప్పుడు ఒక క్షణం ఆగమని చెప్పాను.

జమ్మలమడుగులో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో క్యాంబెల్ ఆసుపత్రి ముందు నుంచే బడికి నడిచేవాణ్ణి. లండన్ మిషన్ వారు నెలకొల్పిన ఆసుపత్రి అది. సముద్రాలు దాటి వచ్చిన దొర డాక్టరు తెలుగులో మొట్టమొదట నేర్చుకోవలసిన వాక్యం ఏదై ఉంటుందా అని ఆ దారిలో ఆలోచించేవాణ్ణి. "యాడ నొస్తాంది?" అన్నదే అయి ఉండాలి. రోగి చెప్పే "నాకు తల నొస్తాంది" అన్న జవాబు ఆయనకు వింతగా ఉండి ఉంటుంది. ఇంగ్లీషులో తలనొప్పి మనిషి సొత్తు. తెలుగులో నొచ్చేది తల, నొప్పి చేరేది నాకు. స్పానిష్ కూడా ఇంతే: 'మె దుఎలె ల కబేస', నాకు నొస్తాంది తల. ఇష్టాలూ అంతే. 'మె గుస్త ల నరాంహ' అంటే నాకు నారింజ నచ్చుతుంది. నారింజలు బహువచనమైతే గుస్త కాస్తా గుస్తాన్ అవుతుంది, మన నచ్చుతుంది నచ్చుతాయి అయినట్లు. మా పిల్ల ఫోనులో వాడిన యాప్ ఇదే వాక్యాన్ని ఇంగ్లీషు మీదుగా నేర్పబోయి, కర్తను కర్మ చేసి కర్మను కర్త చేసి, నాలుగు రోజులు ఏడిపించింది. తెలుగులో చెబితే నాలుగు నిమిషాలు పట్టింది. "ఇంతేనా మామా?" అని అడిగింది. ఆ అడగడంలో కొంచెం కోపం కూడా ఉంది. ఇన్నాళ్ళూ తనకు లేదన్నది తన దగ్గరే ఉందని తెలిసినప్పుడు వచ్చే కోపం.

పై వాక్యంలోని పండు సంగతి కూడా చెప్పాలి. నారింజకు మూలం ద్రావిడమని భాషావేత్తలంటారు. సంస్కృతం, పారసీకం, అరబ్బీల మీదుగా స్పెయిన్ చేరి నరాంహ అయింది. పులివెందుల వారు తమ తోటల్లోని బత్తాయిని చీనీ అంటారు కదా, పోర్టోరికోలో నారింజను 'చీన' అంటారు. రెండు చోట్లా చైనా పేరే పండుకు అంటుకుంది. బొత్తాం, తువాలు, అలమారు, మేస్త్రి వంటివి పోర్చుగీసు వారి ఓడల్లో దిగిన మాటలు. స్పానిష్‌లో వాటి తోబుట్టువులు బొతోన్, తొఆయ్య, అర్మారియొ, మఎస్త్రొ. మన గోడ కట్టే మేస్త్రి అక్కడ బడిపంతులు. ఇలా దొరికినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. చెనిక్కాయలకు మాత్రం ఏ చుట్టమూ దొరకలేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన సీమను పోషించిన పంట అది. స్పెయిన్‌లో 'కకహుఎతె' అంటారు. ఆ మాట పలకడానికి పిల్లకు మూడు రోజులు పట్టింది.

సంభాషణల దగ్గరికి వచ్చేసరికి పుస్తకాలు చేతులెత్తేశాయి. బస్టాండు అంగళ్ళలో అమ్మే ముప్ఫై రోజుల్లో ఫలానా భాష పుస్తకాలలో సంభాషణలు అంగడి బేరంతో, రైలు టిక్కెట్టుతో మొదలవుతాయి. స్పానిష్ వాచకాల్లో కాఫీ హోటలు, విమానాశ్రయం. ప్రతి సంభాషణల పుస్తకం వెనుకా అది ఎవరి అవసరం కోసం పుట్టిందో ఆ మనిషి ఉంటాడు. బ్రౌను దొర 1820లో కడప కలెక్టరు దగ్గర సహాయకుడిగా చేరినప్పుడు తెలుగు కొత్త. తరువాత 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు వెలువరించిన ఆ మహానుభావుడు కూర్చిన 'తెలుగు రీడరు' చూడండి: ఉత్తరాలు, పోలీసు వ్యవహారాలు, రెవెన్యూ వ్యవహారాలు. కచేరీలో కూర్చునే దొరకు కావలసిన తెలుగు అది. మా ఊళ్ళో పుట్టపర్తి నారాయణాచార్యుల వారి దారి వేరు. పద్నాలుగు భాషలు వచ్చునని చెప్పుకునే ఆయన విశ్వనాథ వారి ఏకవీరను మలయాళంలోకి అనువదించారు. కావ్యం కోసం భాష నేర్చిన పండితుడాయన. పులివెందుల పిల్లకు కచేరీ భాషా వద్దు, కావ్య భాషా వద్దు. పల్లెలో ఒక తల్లి ఏమడుగుతుందో, దానికి అతిథి ఏం చెబుతాడో అది కావాలి.

అందుకని పాఠం తానే రాసుకుంది. మన ఆడవాళ్ళు కొత్తవారిని ముందు పేరడగరు. "అన్నం తిన్నారా?" అంటారు. ఇంగ్లీషు మీదుగా పోతే ఇందులో అన్నం వరి మెతుకులైపోతుంది. 'యా అ కొమీదొ?' అంటే సరిపోతుంది. స్పెయిన్‌లో ఆ క్రియ తినడానికీ మధ్యాహ్న భోజనానికీ ఒక్కటే. తరువాత "పిల్లలెంతమంది?" ఆ తరువాత "మీ పక్క వాన పడిందా?" ఈ మూడూ ఏ వాచకంలోనూ మొదటి పాఠంలో లేవు. అతిథిని మీరు అనాలా నువ్వు అనాలా అన్నది ఇంకొక చర్చ. మీరు అనడానికి 'ఉస్తెద్' ఉంది, "తమ కృప" అనే పాత గౌరవ వాచకం అరిగిపోయి మిగిలిన మాట. కానీ ఇప్పటి స్పెయిన్‌లో చిన్నా పెద్దా ఒకరినొకరు 'తు' అనే అనుకుంటారు. "డెబ్బై ఏండ్లాయన్ని నువ్వు అనాల్నా? నా వల్ల కాదు మామా" అని ఖరాఖండీగా చెప్పింది. వాళ్ళు నవ్వినా ఉస్తెద్ అనే అంటుందట. అననివ్వండి.

ఒక విషయం మాత్రం నాకు ఆ పిల్లే నేర్పింది. అలసిపోయాను అనడానికి నేను హ్యూస్టన్‌లో నేర్చింది 'ఎస్తొయ్ కన్సాదొ'. అది మగవాడి మాట. ఆడది 'కన్సాద' అనాలి. నా నోట విన్నది విన్నట్లు చెప్పకుండా, వ్యాకరణం చూసి, తన మాట తాను మార్చుకుంది. "తెలుగులో నన్ను 'అది వచ్చింది' అంటారు, బర్రెతో సమానంగా. వీళ్ళు బల్లకు కూడా ఆడతనం పెట్టి 'ల' అంటారు" అంది. ఏది నయమో తేల్చుకోలేక ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. మనం, మేము అన్న భేదం స్పానిష్‌కు లేదని తెలిసినప్పుడు మాత్రం ఆ భాష మీద జాలిపడింది. తల్లి "మేము కష్టపడినాం" అన్నప్పుడు, "మనం" అన్నప్పుడు రెంటికీ 'నొసోత్రొస్' అనే చెప్పాలంటే, వినేవాడికి తాను అందులో ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది? దానికి ఏం చేయాలో నా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, నెనరులు.

ప్రవేశ పరీక్ష రాయడానికి జూన్ మొదటి వారంలో బయలుదేరింది. పులివెందుల బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. వెళ్తున్నాను అనడానికి స్పానిష్‌లో 'మె వోయ్'. మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు పోతున్నానని ఎవరంటారు? కిటికీలోంచి తల బయట పెట్టి 'అఓర వుఎల్వొ' అంది. ఇప్పుడే తిరిగొస్తా.

"అట్లంటే ఐదు నిమిషాల్లో వస్తావని అర్థం పాపా" అన్నాను.

"ఉండనీ మామా" అంది.