గవర్నర్‌పేటలో ఒక పాత పెంటియం

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక కంప్యూటర్ మరమ్మతు కొట్టుకు నన్ను మా సంపాదకుడు పంపారు. ఒక చిన్న ప్రచురణ సంస్థ పెంటియం కంప్యూటర్ అక్కడికొచ్చింది. విండోస్ 98 లేస్తోంది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మాత్రం తెరుచుకోవడం లేదు. దాన్నీ తెలుగు ఫాంట్లనూ మళ్లీ ఎక్కించాలి. సీడీ డ్రైవు పనిచేయదు, యూఎస్‌బీ అసలే లేదు. ఉన్నదల్లా ఫ్లాపీ డ్రైవు.

కొట్టంతా చూపిస్తానన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు. నేను మెకానిక్‌గారి చేతుల దగ్గరే ఆగిపోయాను. ఫ్లాపీ రేకుమూత జరిపి, లోపలి బిళ్లను ట్యూబులైటు వెలుగులో నెమ్మదిగా తిప్పి చూస్తారాయన. బెజవాడ ఉక్కకు బూజు పడుతుంది. బూజుపట్టినది పెడితే డ్రైవు హెడ్డుకు అంటుకుని తర్వాతి ఫ్లాపీలనూ చెడగొడుతుంది. ఫ్లాపీకి 1.44 మెగాబైట్లే. తెలుగు ఫాంట్లను ఏఆర్‌జే అనే కుదింపు ప్రోగ్రాముతో ముక్కలుచేసి, ప్రతి ముక్కనూ రెండేసి ఫ్లాపీల్లోకి ఎక్కించారు. ఎక్కిస్తున్నంతసేపూ చెవి డ్రైవు మీదే. చప్పుడు తేడాగా వస్తే ఆ ఫ్లాపీ పక్కకు వెళ్లిపోయింది.

పేజ్‌మేకర్‌కు ఫ్లాపీలు చాలవు. సీరియల్ పోర్టుకు మరో కంప్యూటర్ నుంచి కేబులు తగిలించి, ఫైళ్లు పంపే హైపర్‌టెర్మినల్ తెరిచారు. సెకనుకు 1,15,200 బిట్లు, అంటే వంద మెగాబైట్లకు రెండున్నర గంటలు. జడ్‌మోడెమ్ పద్ధతి గనుక మధ్యలో తెగినా తెగినచోటినుంచే అందుకుంటుంది.

"కొత్త కంప్యూటర్లో పెట్టేసుకోవచ్చుగా?" అన్నాను.

"తాళం చూడండి సార్" అంటూ వెనక ప్రింటరు పోర్టుకు బిగించిన చిన్న డబ్బా చూపించారు. అది లేనిదే తెలుగు టైపు సాఫ్ట్‌వేరు నడవదు. కొత్త మిషన్లకు ఆ పోర్టే ఉండదు.

నాకు కోపం వచ్చింది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, మన అచ్చుపని చాలా ఏళ్లు ఎవరి ఫాంటు వారిదిగా సాగింది. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చినవవి. ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చిగీతలే. యూనికోడ్‌లోకి మార్చితే కొన్ని వత్తులు జారిపోతాయి, మళ్లీ ప్రూఫు దిద్దాలి. కథలు, పరిశోధనలు, వ్యాకరణాలు ఇలాంటి మిషన్లలో ఇరుక్కుపోయాయి. తాళపత్రాలను స్కాన్ చేయించే మనం, ఇరవై ముప్పై ఏళ్ల కిందటి పేజీలను పాత ఇనుముకు వేస్తున్నాం. గ్రంథాలయాలు ఇలాంటి మిషనొకటి, దాన్ని నడపగల మనిషినొకరిని పెట్టుకోవాలి. ఈయన దగ్గర నేర్చుకునేవాళ్లు లేరు. ఆ కుర్రాడు సెల్‌ఫోన్ల పనిలోకి వెళ్తానంటున్నాడు.

వస్తుంటే మెకానిక్‌గారు ఆపారు. "ఒక్కమాట రాయండి సార్. పుస్తకం ఫైళ్లు తెచ్చేవాళ్లు ఫాంటు ఫ్లాపీ, తాళం ఇంట్లో వదిలేసి వస్తున్నారు. అవి లేకుండా తెరవమంటే నేనెక్కణ్ణించి తేను?"