పెన్న ఒడ్డున గట్టి మాటలు

పొద్దున పదయ్యేసరికే ప్రొద్దుటూరులో ఎండ ముదిరింది. బంగారు అంగళ్ల వీధిలో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాకిట్లో నీళ్లు చల్లుతున్న పెద్దాయన నన్ను చూసి, "నీడకు రా సామీ, ఎండ సంపుతాండాది" అన్నాడు. ఆ వీధి చివరికి పోయేలోపే "మాడు పగిలిపోతాండాది", "నిలువునా కాలుస్తాండాది" అనే మాటలూ చెవినపడ్డాయి. "చాలా ఎండగా ఉంది" అన్నవాళ్లు నాకు కనపడలేదు. ఇక్కడ ఎండ తీవ్రతను క్రియే మోస్తుంది. "చాలా" లాంటి మాటను ముందు తగిలించే అవసరమే రాదు.

ఈ మాటల కోసమే కడప జిల్లాకు వచ్చాను. మంచినైనా చెడ్డనైనా ఒక మెట్టు పైకెత్తి చెప్పాల్సి వచ్చినప్పుడు ఇక్కడి జనం ఏ మాట అందుకుంటారో వినాలనిపించింది. కారం దోసె తినడానికి కూర్చున్న చోట మొదటి పాఠం దొరికింది. ఎర్రకారం దట్టంగా పూసిన దోసె తుంచి నోట్లో పెట్టుకోగానే ఘాటు నషాళానికి అంటింది. నా ముఖం చూసి వడ్డించే కుర్రాడు "రోంత పప్పుల పొడి ఎయ్యమంటారా అన్నా?" అన్నాడు. రోంత అంటే కొంచెం. కానీ వేసింది గుప్పెడు. పెట్టేటప్పుడు తగ్గించి చెప్పడం ఇక్కడి మర్యాద. కష్టాన్నీ ఎండనూ ఎంత పెంచి చెబుతారో, తాము చేసే మేలును అంత చిన్నది చేసి చెబుతారు.

జమ్మలమడుగు బస్సులో, జర్మనీలో చదువుకుంటున్న మా అన్న కొడుకు అక్కడి గట్టి మాటల గురించి చెప్పిన సంగతులు గుర్తొచ్చాయి. జర్మన్‌లో మన "చాలా"కు సాటి వచ్చే మాట "జేర్". పాతకాలంలో దానికి నొప్పి అని అర్థం. బాధగా అన్నది అరిగి అరిగి "మిక్కిలి"గా మారింది. మంచి మనిషిని "ఫుర్ష్ట్‌బార్" మంచివాడంటారు, అంటే భయంకరంగా మంచివాడని. బాగా అలసిపోతే "టోట్‌మ్యూడ", అంటే చచ్చేంత అలసట. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి "ష్టోక్‌డుంకల్". ఆ "ష్టోక్" అంటే కర్ర. చీకటికీ కర్రకూ సంబంధమేమిటని అక్కడెవరూ అడగరు, చిమ్మచీకటిలో "చిమ్మ" ఏమిటని మనం అడగనట్టే. కటిక పేద, పచ్చి అబద్ధం, శుద్ధ దండగ అన్నీ ఈ తీరువే. ముందున్న మాట సొంత అర్థాన్ని వదులుకుని, వెనకున్న మాటకు తన బలమంతా ఇచ్చేస్తుంది. నొప్పి, చావు, భయం లాంటి గట్టి అనుభవాల నుంచి బలాన్ని అరువు తెచ్చుకోవడం రెండు భాషల్లోనూ ఉంది.

గండికోటలో పెన్న ఎర్రరాతి కొండను చీల్చుకుని పారుతుంది. లోయ అంచున గొర్రెలు మేపుతున్నతన్ని నీళ్లు ఎంత లోతున ఉన్నాయని అడిగాను. చెయ్యి చాపి "అల్లా...డ" అన్నాడు. ఆ దీర్ఘం ఎంతసేపు సాగిందో లోతు అంత. ఇవతలి కొండకొమ్మును చూపేటప్పుడు "ఈడే" అని పొట్టిగా తేల్చేశాడు. "మిట్టమద్యాన్నం ఆ బండల మీద నిలబడగాకండి" అని హెచ్చరించాడు కూడా. ఈ కోవకే చెందిన పట్టపగలు, నట్టనడుమ, చిట్టచివర లాంటి మాటల పుట్టుకను చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రంగా చెప్పాడు. పగలును రెండుసార్లు చెబితే మొదటిది ముడుచుకుని "పట్ట" అవుతుంది. బడిలో ఆమ్రేడిత సంధి అని బట్టీపట్టిన ఆ సంగతి లోయ అంచున మాట్లాడే మనిషి నోట ప్రాణంతో వినిపించింది.

పులివెందుల దారిలో చీనీ (బత్తాయి) తోటలు, అరటి తోటలు. ఒక చీనీ రైతు తన తోటలోకి తీసుకుపోయాడు. బోర్లు అడుగంటిన ఏడు సంగతి చెబుతూ "చెట్లు నిలువునా ఎండిపోయినాయి. నీళ్లు లేవంటే లేవు" అన్నాడు. ఒకే మాటను "అంటే"కు అటూ ఇటూ నిలిపితే ఇక మారుమాటకు చోటుండదు. ఆ ఇంటి పెద్దమ్మ కాయ కోసి చేతిలో పెట్టి, "తిను నాయనా, శానా తియ్యగుంటాది" అంది. తర్వాత మనవడి తల నిమురుతూ "వీడంటే నాకు పాణం" అంది. ఆ మాట మీద ఇంకేం చేర్చగలం?

1990ల చివర్లో మొదలైన ఫ్యాక్షన్ సినిమాలు ఈ యాసలోని బలాన్నంతా కోపానికి అంటగట్టాయి. అది ఈ జనానికి జరిగిన అన్యాయం. నేను విన్న గట్టి మాటల్లో ఎక్కువ భాగం ఎండకు, నీటికి, తిండికి, మనవళ్లకు ఖర్చయ్యాయి. కరువు ఎరిగిన నేలలో మాటకు బలం లేకపోతే ఉన్న కష్టం ఉన్నట్టు ఎదుటివాడికి చేరదు.

ఈ నేల మాటలను రాసిపెట్టడం కొత్తేమీ కాదు. ప్రొద్దుటూరుకు దగ్గర్లోని కలమళ్లలో రేనాటి చోళుల శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిదైన దాన్నే తొలి తెలుగు శాసనమని పండితులు చెబుతారు. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువు అచ్చువేశాడు. పుస్తకాల భాష మీద మాత్రమే ఆగకుండా 1854లో మిశ్రభాషా పదాలకూ వేరే నిఘంటువు తెచ్చాడు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం సేద్యపు మాటలతో మొదలైంది. నాగలికీ గొర్రుకూ దక్కిన ఆ శ్రద్ధ "నిలువునా"కూ "రోంత"కూ దక్కాలి. పిల్లల నోళ్లలో ఇప్పుడు మంచిదంతా "సూపర్" ఒక్కటే అవుతోంది. ఈ ఊళ్ల బడుల్లో ప్రతి పిల్లా పిల్లవాడూ తమ అవ్వ ఎండను, వానను, ముద్దును ఏ మాటలతో పెంచి చెబుతుందో ఒక్క పేజీ రాసుకొస్తే చాలు. కడపలో బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉండనే ఉంది. ఆ పేజీలు అక్కడికి చేరాలి, అవ్వలు ఉండగానే చేరాలి.