మడమ ఆనించమన్నది నేనే

మా చిన్నోడు నాలుగో ఏట నుంచీ మునివేళ్ల మీదే నడిచేవాడు. పొట్ట ముందుకు, భుజాలు వెనక్కి. పిక్కలు లావుగా ఉంటే "పహిల్వాను" అని మా అత్తయ్య మురిసిపోయేవారు. "మడమ ఆనించి నడవరా" అని రోజూ కసిరేదాన్ని. ఒకసారి తొడ మీద చరిచాను కూడా.

కూర్చుంటే లేవడం పెద్ద పని. బోర్లా తిరిగి, చేతులూ కాళ్లూ ఆన్చి, నడుం పైకెత్తి, అరచేతులు మోకాళ్ల మీదా, తర్వాత తొడల మీదా వేసుకుంటూ తన ఒళ్లే నిచ్చెనలా ఎక్కేవాడు. బద్ధకం అనుకున్నాం. కాల్షియం టానిక్కులతో రెండేళ్లు పోయాయి.

బడిలో ప్రార్థన లైన్లో పక్కవాడి భుజం తగిలింది, అంతే, పడిపోయాడు. గడ్డం చీలి నాలుగు కుట్లు పడ్డాయి. అప్పుడు చేయించిన సీపీకే రక్తపరీక్షలో, వందల్లో ఉండాల్సిన అంకె 15,000 దాటింది. జన్యుపరీక్షలో డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే కండలు క్షీణించే జబ్బని తేలింది. కండను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ వాడి ఒంట్లో తయారు కాదు.

ఫిజియోథెరపీ మేడమ్ చెప్పింది: "తొడల్లో, తుంట్లో బలం తగ్గిందమ్మా. అలా వెనక్కి వాలి, మునివేళ్ల మీద నిలబడితేనే మోకాళ్లు కుంగవు. మడమ స్నాయువు బిగుసుకోకుండా రోజూ సాగదీయండి, రాత్రి స్ప్లింట్లు కట్టండి. నడిచేటప్పుడు మాత్రం దిద్దకండి. చంకల కింద చేతులేసి ఎత్తొద్దు, భుజాలు జారిపోతాయి."

రెండేళ్లూ నేను దిద్దబోయింది వాడి ఊతాన్ని!

వాడికి ఇల్లంతా కొలతే. మంచం నుంచి బాత్రూమ్ దాకా చెయ్యి వేసే చోట్లు మూడు: బీరువా అంచు, కుర్చీ వీపు, తలుపు గడియ. చుట్టాలొచ్చారని ఓ రోజు కుర్చీ జరిపాను. వాడు అలవాటుగా చెయ్యి చాచాడు. అక్కడ ఏమీ లేదు. పడ్డాక ఏడవలేదు, "జరిపితే చెప్పమ్మా" అన్నాడు.

ఇప్పుడు తొమ్మిదేళ్లు. చక్రాల కుర్చీ రోజులు దగ్గర్లోనే ఉన్నాయని తెలుసు. ఈలోగా నేర్చుకున్నది చెబుతున్నాను. మీ పిల్లాడు తొడల మీద చేతులు ఆన్చి లేస్తుంటే టానిక్కులతో కాలం గడపకండి, సీపీకే చేయించండి. ఇలాంటి పిల్లాడు ఎదురైతే చెయ్యి పట్టి లాగకండి. ఎక్కడ పట్టుకోమంటావో వాణ్ణే అడగండి.