బాండ్ గారి మేడకి నడిచి బయల్దేరితే...

షిల్ట్‌హార్న్ అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. కానీ 1969లో వచ్చిన జేమ్స్ బాండ్ చిత్రం 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' చూసినవాళ్ళకి ఆ కొండ బాగా తెలుసు. చుట్టూ మంచు, శిఖరం మీద విలన్ కాపురముండే గుండ్రటి అద్దాల మేడ... గుర్తొచ్చిందా? అది సెట్టింగ్ కాదు! స్విట్జర్లాండ్‌లో 2,970 మీటర్ల ఎత్తున నిజంగానే ఉన్న తిరిగే హోటలు. సినిమావాళ్ళే డబ్బు పెట్టి లోపలి హంగులూ, హెలికాప్టర్ దిగడానికి తిన్నే ఏర్పాటు చేసి, షూటింగ్ అయ్యాక వదిలేసి వెళ్ళారు. కథలో ఆ మేడ పేరు పిజ్ గ్లోరియా. హోటలుకీ అదే పేరు స్థిరపడిపోయింది.

పైదాకా కేబుల్ కారుంది. అయినా 2019 సెప్టెంబరులో నేను వెళ్ళినప్పుడు, సినిమాకి యాభై ఏళ్ళు నిండబోతున్నాయి కదా, కాలినడకన వెళ్తే మజాగా ఉంటుందని బుద్ధి పుట్టింది. (టిక్కెట్టు ధర చూశాక పుట్టిన బుద్ధేనని మీ దగ్గర దాచడమెందుకు!)

బయల్దేరింది మ్యూరెన్ అనే చిన్న ఊరినుంచి. ఎత్తు 1,638 మీటర్లు. మోటారు కార్లు తిరగని ఊరు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు. నేను దిగిన లాడ్జి పెద్దావిడ వచ్చీరాని ఇంగ్లీషులో "ఒక్కడివేనా బాబూ?" అంది. ఎన్నింటికి తిరిగొస్తావంది. అయిదన్నాను. గోడమీది క్యాలెండరులో నా పేరు పక్కన అయిదు వేసుకుంది. "మబ్బు పడితే మాత్రం వెనక్కొచ్చెయ్." తలూపాను. తలూపడానికేం పోయింది!

తిరుమల మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి, ఇదెంత అనుకున్నా. ఇక్కడ ఎక్కాల్సింది దానికి దాదాపు రెట్టింపు. గోవిందా అని పలికేవాళ్ళు లేరు, మధ్యలో మజ్జిగ అమ్మేవాళ్ళు లేరు. పసుపుపచ్చ దారి పలకలమీద దూరాలు ఉండవు, గంటలుంటాయి. శిఖరానికి నాలుగు గంటల పైచిలుకు. అది వాళ్ళ కాళ్ళ లెక్క సుమా!

మొదటి గంట పచ్చిక బయళ్ళు. ఆవుల మెడల్లో బిందెలంత గంటలు. మార్మట్ అనే బొద్దు జంతువు, కుందేలంత ఉంటుంది, నన్ను చూసి ఈల వేసి బొరియలో దూరింది. హీరోయిన్ని చూసిన కుర్రకారు కూడా అంత గట్టిగా వెయ్యరు. ఆ తర్వాత పచ్చదనం పోయింది. బండలమీద తెలుపు, ఎరుపు, తెలుపు చారలు వేసి ఉంటాయి, అవే దారి. కాలు వేస్తే పలుగురాళ్ళు జరజరా జారుతున్నాయి. ఆ సినిమాలో స్కీయింగ్ ఛేజ్ కోసం విల్లీ బోగ్నర్ తనూ స్కీలు కట్టుకుని, కెమెరా చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి జారుతూ తీశాడు. జానీ జోర్డాన్ హెలికాప్టర్ కింద వేలాడుతూ తీశాడు. నాకు ముందుకి నడవడమే గగనమైపోయింది.

ఈ కొండమీదే 1865లో హనీమూన్‌కొచ్చిన ఆలిస్ ఆర్బత్‌నాట్ అనే ఇంగ్లీషు యువతి పిడుగు పడి చనిపోయింది. ఆవిడ పేర ఒక రాయి నిలబెట్టారు. ఆ సంగతి ముందురోజు చదివి, వ్యాసానికి పనికొస్తుందని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. ఎంత తేలిగ్గా రాసుకున్నానో!

ఒంటిగంటకి ఆఖరి గట్టు దగ్గరికి చేరాను. రెండువైపులా లోయ, పట్టుకోడానికి ఇనుప తాడు. పైన మేడ అద్దాలు మెరుస్తున్నాయి. ఇంకో అరగంట, అంతే! అప్పుడు పడమటి వైపు మెరిసింది. లెక్కపెట్టాను. తొమ్మిదికి ఉరిమింది. ధ్వని కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు, అంటే మూడు కిలోమీటర్లు. మళ్ళీ మెరుపు. ఈసారి ఆరుకే ఉరిమింది. నా చేతిలో చూస్తే తడి ఇనుప తాడు...

అరగంటలో పైకెళ్తే వెచ్చటి కాఫీ, దిగడానికి కేబుల్ కారు. వెనక్కంటే మూడు గంటల దిగుడు. మనసు పైకే లాగింది, అబద్ధమెందుకు. తాడు వదిలేశాను.

కిందికొచ్చేసరికి మంచుతెర కమ్మి చారలు కనబడలేదు. రెండుసార్లు జారాను, మోకాలు చీరుకుంది. నాలుగడుగుల అవతల ఏముందో తెలీదు. "ఎవరన్నా ఉన్నారా?" అని తెలుగులో అరిచాను. ఇంగ్లీషు గుర్తు రాలేదండీ! చాలాసేపటికి కిందెక్కడో ఆవు గంట వినిపించింది. ఆ చప్పుడు పట్టుకునే దిగాను.

లాడ్జికి చేరేసరికి ఆరున్నర. పెద్దావిడ టెలిఫోను దగ్గరే కూర్చునుంది. క్యాలెండరులో అయిదు పక్కన 1414 అని ఉంది. అది ఆ దేశంలో కొండల్లో చిక్కుకున్నవాళ్ళకోసం హెలికాప్టర్ పిలిచే నెంబరు. నన్ను చూసి ఏమీ అనలేదు. ఆ అంకె కొట్టేసి, వేడి సూపు తెచ్చి పెట్టింది.

మర్నాడు ఎండ కాసింది. బుద్ధిగా టిక్కెట్టు కొని కేబుల్ కారెక్కాను. పిజ్ గ్లోరియాలో బాండ్ బొమ్మలు, ఫోటోలకి ఎగబడే జనం. నేను మాత్రం కిటికీ పక్క బల్ల చూసుకున్నాను. హోటలు మెల్లగా తిరుగుతోంది. కాసేపటికి ఆ గట్టు కనబడింది, ఇనుప తాడు కూడా. నేను ఆగిన చోటు అనుకున్నదానికన్నా చాలా దగ్గర. మళ్ళీ తిరిగొచ్చేదాకా కూర్చుని ఇంకోసారి చూశాను. కాఫీ చల్లారిపోయింది.