తండ్రి మాట

పిస్టల్ పోటీకి కండబలం కన్నా కుదురైన చేయి, తేటైన చూపు ముఖ్యం. 10 మీటర్ల దూరాన ఉన్న లక్ష్యఫలకంపై 10 పాయింట్ల వలయానికి వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. వయసు మీరేకొద్దీ, చాచిన చేతిలోని పిస్టల్ కొనపై దృష్టి నిలపడం దుష్కరమవుతుంది.

జార్జియా దేశస్థురాలైన నినో సలుక్వాద్జె 19వ ఏట, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు పక్షాన స్వర్ణ, రజత పతకాలు సాధించారు. 2016లో రియోలో కుమారునితో పాటు బరిలో నిలిచారు. 2021లో టోక్యో పోటీల అనంతరం ఇక చాలునని విరమణ ప్రకటించారు. అయితే తొలి గురువైన వృద్ధ జనకుడు మరొక్క ఒలింపిక్స్‌లో పాల్గొనమని కోరారు. ఆ కోరికను కాదనలేక ఆమె తిరిగి సాధనకు పూనుకొన్నారు. 2024లో పారిస్‌లో, 55 ఏళ్ళ ప్రాయంలో, పది ఒలింపిక్స్‌లలో పాల్గొన్న తొలి మహిళ అయ్యారు.

అక్కడ పతకం దక్కలేదు. తండ్రి మాట దక్కింది.