చంకలో ఇద్దరు, కొంగు పట్టుకుని ముగ్గురు

గూడూరులో ఉంటున్న మా చిన్నాన్న కూతురు ఈ మధ్య ఫోను చేసింది. ఇంటి ముందరి గది ఖాళీగా ఉన్నదట. బడిపంతులమ్మలూ, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లూ తమ పిల్లలను పొద్దుటినుంచి సాయంత్రం దాకా చూసిపెట్టమని అడుగుతున్నారట. "అక్కా, నువ్వు అమెరికాల గిదే పని చేసినవు గదా. ఎంతమందిని తీసుకోవచ్చే?" అన్నది.

చిన్న ప్రశ్నే. ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు. కాని నోరు వెంటనే పెగలలేదు. రేపు చెప్తానని ఫోను పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టక నెమరువేసుకున్నదంతా ఇక్కడ రాసిపెడుతున్నాను.

గూడూరంటే చాలామందికి రైలు జంక్షను ఉన్న ఊరే గుర్తుకు వస్తుంది. మాది అది కాదు. నర్సంపేట నుంచి మానుకోట పోయే దారిలో, పాకాల వాగు దాపున ఉన్న గూడూరు. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. చుట్టూ లంబాడి తండాలు, కోయగూడేలు. నా చిన్నతనంలో, అంటే 1980 ప్రాంతంలో, నాట్ల కాలం వచ్చిందంటే వాడలో ఆడమనిషి అన్నది కనిపించేది కాదు. అందరూ కైకిలికి పోయేవారు. పోతూ పోతూ పసివాళ్లను మా నాయినమ్మ దగ్గర దింపేవారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పొలం పనికి పోలేదు కనుక ఆ బాధ్యత ఆమెది. నెల తిరిగేసరికి ఎవరో సోలెడు బియ్యం, ఎవరో పిడికెడు మిరపకాయలు తెచ్చి ఇచ్చేవారు. ఇవ్వనివారూ ఉండేవారు. అడిగేది కాదు.

ఎంతమంది పిల్లలు ఉండేవారో ఎవరూ లెక్కపెట్టలేదు. పంచలో రెండు తొట్టెలలు, వాకిట్లో పాకేవాళ్లు, వేపచెట్టు కింద మట్టి తినేవాళ్లు. పది, పన్నెండు, ఒక్కోనాడు పదిహేను. "ఇంతమందిల ఇంకొకడు బరువా?" అన్నది అందరి మాట. నాయినమ్మ మాట కూడా అదే.

ఒకనాడు మధ్యాహ్నం ఆమె తొట్టెలలోని బిడ్డకు గుడ్డ మారుస్తున్నది. పాకే పిల్లవాడొకడు పశువుల కొట్టం దగ్గర కుడితి గోలెం అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత తల లోపల, కాళ్లు పైన. దారిన పోతున్న చాకలి మల్లయ్య చూసి కాళ్లు పట్టి లాగాడు. పిల్లవాడు బతికాడు. నాయినమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాకు అప్పటికి ఎనిమిదేళ్లు. ఆమె చీకట్లో కూర్చుని తనలో తాను అనుకుంటున్న మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "ఇల్లు అంటుకుంటే నేను ఎంతమందిని పట్టుకుని ఉరుకుత? చంకల ఇద్దరు. కొంగు పట్టుకుని ముగ్గురు. గంతే."

మర్నాడు పొద్దున వాకిట్లో నిలబడి అదే చెప్పింది. నడవలేనివాళ్లు ఇద్దరు, నడిచేవాళ్లు ముగ్గురు. వాడంతా తిట్టిపోసింది. ముసలిదానికి గర్వం పెరిగిందన్నారు. మూడు ఇండ్లవాళ్లు మాటలు మానేశారు. అన్నిటికన్నా ఎక్కువగా ఆమెను బాధించింది తండానుంచి వచ్చే ఒక పడుచు. "యాడీ" అని పిలిచేది. నాయినమ్మ కాదన్నాక ఆమె బిడ్డను పొలానికే తీసుకుపోయి, గట్టుమీది తుమ్మకొమ్మకు పాతచీర కట్టి అందులో పండుకోబెట్టేది. మా ఇంటి వెనుకకు వెళితే ఆ చీర ఊగడం కనిపించేది. నాయినమ్మ ఆ నాట్లకాలమంతా పెరటివైపు తలుపు తీయలేదు. ఆ బిడ్డకు ఏమీ కాలేదు, పెరిగి పెద్దదైంది. అయినా ఆ తలుపు మూసి ఉండడం మాత్రం నేను మరచిపోలేదు.

ఇక నా సంగతి. 1999లో పెండ్లయి, హెచ్-4 వీసా మీద కాలిఫోర్నియాకు వచ్చాను. ఆ వీసా మీద వచ్చిన భార్యలకు ఉద్యోగం చేసే హక్కు అప్పుడు లేదు. గ్రీన్ కార్డు వచ్చేదాకా, 2007 దాకా, ఎనిమిదేళ్లు కిటికీలోంచి పార్కింగు చూస్తూ గడిపాను. 2006లో అమ్మాయి పుట్టింది. అది బడికి పోవడం మొదలుపెట్టాక, ఫ్రీమాంట్‌లో మేము అద్దెకున్న ఇంట్లోనే పిల్లలను చూసుకునేందుకు లైసెన్సు తీసుకున్నాను. వేలిముద్రలు, క్షయ పరీక్ష, గుండె ఆగితే ఏం చేయాలో నేర్పే శిక్షణ, ఇంట్లో మంటలార్పే సిలిండరు, పొగను పసిగట్టే అలారం. అవన్నీ సులువుగానే దాటాను. తికమక పెట్టింది లెక్క ఒక్కటే.

అక్కడి చిన్న లైసెన్సు లెక్క ఇలా ఉంటుంది. రెండేళ్ల లోపువాళ్లను మాత్రమే చూసుకుంటే నలుగురు. పెద్దవాళ్లను కలుపుకుంటే ఆరుగురు, అందులో రెండేళ్ల లోపువాళ్లు ముగ్గురికి మించరాదు. బడికి పోయే వయసువాళ్లు ఉంటే మరికొన్ని షరతులతో ఎనిమిది దాకా పోవచ్చు, కాని అప్పుడు పసివాళ్లు ఇద్దరే ఉండాలి. ఈ లెక్క రోజు మొత్తానికి కాదు, ఏ క్షణాన ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదానికి. అన్నిటికన్నా విచిత్రం, ఇంట్లో ఉండే పదేళ్ల లోపు సొంత బిడ్డ కూడా లెక్కలోకే వస్తుంది.

ఈ సంగతి మా అమ్మాయికి చెప్పినప్పుడు అది ఎంతో సంబరపడింది. "అంటే నేనూ నీ డేకేర్ పిల్లనేనా అమ్మా?" అని, గోడమీద తగిలించిన పిల్లల పేర్ల వరుసలో తన పేరు కూడా రాసుకుంది. నేను మాత్రం లోలోపల ఒక చోటు పోయిందని లెక్క వేసుకున్నాను. ఆ చోటు విలువ నెలకు ఎంతో తల్లినైన నాకు బాగా తెలుసు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది కాని, నిజం.

2016 శరత్కాలం. నా దగ్గర రెండేళ్ల లోపువాళ్లు ఇద్దరు, మూడూ నాలుగేళ్లవాళ్లు ముగ్గురు ఉన్నారు. మా అమ్మాయితో ఆరు. లెక్క నిండింది. అప్పుడు వచ్చింది ఒక గుంటూరు అమ్మాయి, మూడు నెలల బిడ్డతో. 2015 మే నెలలో హెచ్-4 భార్యలలో కొందరికి ఉద్యోగానికి అనుమతి వచ్చింది కదా, ఆ అనుమతితో ఏళ్ల ఎదురుచూపు తర్వాత సంపాదించుకున్న మొదటి ఉద్యోగం ఆమెది. సెలవు అయిపోయింది. ఎక్కడా చోటు దొరకలేదు. "అక్కా, మీకు చెప్పాలా? ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో మీకు తెలియదా?" అన్నది. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది!

మా అమ్మాయికి పదేళ్లు నిండడానికి మూడు వారాలున్నాయి. నిండిన నాడు అది లెక్కలోంచి జారిపోతుంది, ఒక చోటు ఖాళీ అవుతుంది. అప్పటిదాకా ఒక ఉపాయం చెప్పాను. మా అమ్మాయి బడినుంచి వచ్చేది మూడు దాటాక. ఈలోపల బిడ్డను తీసుకుపోతే ఏ క్షణానా ఆరు దాటరు. ఆమె ఒప్పుకున్నది. చట్టం గీసిన గీతకు ఇవతల కాలిబొటనవేలు ఆనించి నిలబడి, తెలివైనదాన్నని మురిసిపోయాను.

పదిరోజులు బాగానే గడిచింది. పదకొండో నాడు ఆమెకు ఆఫీసులో మీటింగు సాగింది, దారిలో ట్రాఫిక్. "అక్కా, ఒక్క అరగంట" అని ఫోను. సరేనన్నాను. మా అమ్మాయి వచ్చింది. ఇంట్లో ఏడుగురు. అరగంటకు ఏమవుతుందిలే అనుకుని పప్పులో పోపు వేయబోయాను. నూనె మాడింది, వంటిల్లంతా పొగ, అలారం అరవడం మొదలైంది.

ఆరు నెలలకోసారి పిల్లలతో అభ్యాసం చేయించే అలవాటు ఉన్నది కనుక కాళ్లు వాటంతటవే కదిలాయి. పొయ్యి కట్టేసి, పసివాళ్లిద్దరినీ చెరొక చంకలో వేసుకున్నాను. ముగ్గురు పిల్లలు నా చున్నీ పట్టుకున్నారు. గుమ్మం దాటి, పచ్చిక మీదికి వచ్చి, వెనుదిరిగి చూశాను. చంకలో ఇద్దరు. కొంగు పట్టుకుని ముగ్గురు. అప్పుడు గుర్తుకు వచ్చింది, మూడు నెలల బిడ్డ లోపలి గదిలో తొట్టిలో నిద్రపోతున్నది.

నేను లోపలికి పోవాలంటే ఈ ఐదుగురినీ వీధి పక్కన వదలాలి. వదలకపోతే... ఆ రెండు క్షణాలు ఎంత పొడుగో చెప్పలేను. అంతలో గుమ్మంలోంచి మా అమ్మాయి వచ్చింది. బిడ్డను రెండు చేతులా గుండెకు అదుముకుని, బరువుకు వెనక్కి వంగి, ఒక్కొక్క మెట్టే దిగుతున్నది. ఇంకా పదేళ్లు నిండనిది. చట్టం ప్రకారం నేను కాపాడవలసిన ఆరుగురిలో ఒకతె.

ఏమీ కాలేదు. కిటికీలు తెరిస్తే పొగ పోయింది. తల్లి వచ్చి బిడ్డను తీసుకుపోయింది. జరిగినదంతా ఆమెకు ఆ సాయంత్రమే చెప్పాను. మిగతావాళ్లకూ చెప్పాను. ఒక తల్లి తన పిల్లవాణ్ణి మాన్పించింది. ఆమెది తప్పని అనలేను. రాత్రి మా అమ్మాయి నా పక్కన పడుకుని, "నేను దాన్ని జారవిడిస్తే ఏమయ్యేదమ్మా?" అని అడిగింది. దానికి జవాబు చెప్పగల తల్లి ఎవరైనా ఉంటే ఆమెకు నా నమస్కారం.

మర్నాటినుంచి ఆ బిడ్డను తీసుకోలేదు. పుట్టినరోజు వచ్చింది. మా అమ్మాయి లెక్కలోంచి పోయింది. పెద్దపిల్ల ఒకతె మానేసింది కనుక మరొక చోటూ ఉన్నది. చట్టం ప్రకారం మూడో పసిబిడ్డను తీసుకోవచ్చు. గుంటూరు అమ్మాయి ఆ రోజు కోసమే ఎదురుచూసి, కేకు కూడా పట్టుకుని వచ్చింది. నేను కాదన్నాను. నాకున్నవి రెండు చంకలే అన్నాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, "చట్టం ఒప్పుకున్నా మీరు ఒప్పుకోరన్నమాట" అన్నది. కేకు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. నెలాఖరుకు ఉద్యోగం మానేసిందని తర్వాత తెలిసింది. ఆ వీధిలోంచి పోవలసి వచ్చినప్పుడల్లా నేను చుట్టుదారిన పోయేదాన్ని. నాయినమ్మ పెరటి తలుపు ఎందుకు మూసిందో అప్పుడు అర్థమయింది.

ఆలోచిస్తే, పరిమితి అన్నది సగం న్యాయమే. అది లోపల ఉన్న పిల్లలను కాపాడుతుంది. బయట మిగిలిపోయిన బిడ్డ గురించి ఏమీ చెప్పదు. ఆ రెండో సగానికి కావలసినది ఇంకొక జత చేతులు. కాలిఫోర్నియాలో పెద్ద లైసెన్సు తీసుకుని, ఒక సహాయకురాలిని పెట్టుకుంటే పన్నెండు, షరతులతో పద్నాలుగు దాకా చూసుకోవచ్చు. నేను ఆ దారి పట్టలేదు. జీతం ఇవ్వగలనో లేదో అన్న భయం. నా తప్పు ఏడో బిడ్డను రానివ్వడం ఒక్కటే కాదు, రెండో మనిషిని పెట్టుకోకపోవడం కూడా.

మనదేశంలో ఈ మాట చట్టానికి ఎక్కకపోలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక నిబంధన రాశారు. పనిచోటికి తల్లుల వెంట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకుమించో వస్తే, ఆ కూలీలలో ఒకామెను వాళ్లను చూసుకోవడానికే కేటాయించాలి, ఆమెకూ కూలి ఇవ్వాలి. అది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. తుమ్మకొమ్మకు చీర కట్టిన ఆ పడుచు కోసమే ఎవరో రాసినట్టు తోచింది. 2006లో కేంద్రం తెచ్చిన శిశుసంరక్షణ పథకంలో 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. 2018లో ప్రకటించిన మార్గదర్శకాలలో మూడేళ్ల లోపువాళ్లయితే పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్లవాళ్లయితే ఇరవై మందికి ఒకరు. పదిమంది పసివాళ్లను ఎత్తుకుని ఒక్క మనిషి గుమ్మం ఎట్లా దాటుతుందో నాకు ఊహకు అందదు. ఆ అంకె వేసినవారిలో ఎవరైనా ఒక్కసారి ప్రయత్నించి చూస్తే బాగుండుననిపిస్తుంది.

మర్నాడు చెల్లెకు ఫోను చేశాను. అంకె చెప్పలేదు. "గుమ్మంల నిలబడు. ఇల్లు అంటుకున్నదనుకో. ఒక్కతివే ఎంతమందిని పట్టుకుని బయటపడతవో గంతమందిని తీసుకో. ఇంకా ఎక్కువ కావాలంటే ఇంకొక మనిషిని పెట్టుకో, ఆమెకు జీతం ఇయ్యి" అన్నాను.

"మరి అక్కా, ఆ పైన ఇంకొకామె బిడ్డనెత్తుకుని వస్తే?" అన్నది.

ఏం చెప్పాలో తోచలేదు. నాయినమ్మ ఇల్లు ఇప్పుడు వాళ్లదే. పెరటివైపు తలుపు ఇంకా ఉన్నదా అని మాత్రం అడిగాను. ఉన్నదట. "అది మూసుకోకు" అన్నాను. నా మాట దానికి అర్థమయిందో లేదో తెలియదు.