ముద్దాయి ఎవరు?

ముద్దాయి అనే మాట మాకు రెండుసార్లు పరిచయమైంది. ఇంట్లో ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు, న్యాయం అడగడానికొచ్చినవాడు. వీధిలోకొచ్చి తెలుగు నేర్చుకుంటే వాడే నేరం మోపబడ్డవాడయ్యాడు. ఎక్కడో దారిలో ఫిర్యాదుదారు బోనెక్కాడు. రెండు భాషల మధ్య బతికే మాకు ఇది నిఘంటువు ముచ్చటగా తోచదు. దెబ్బలు తిని స్టేషనుకు పోయిన మావాడు సాయంత్రానికి ముద్దాయై తేలిన కథలు మా వీధుల్లో కొత్తవా?

ఖైదు, జామీను, వకీలు, హాజరు, జప్తు, రాజీ. కచేరీ మాటలన్నీ మా ఇంటి మాటలే. అందుకే కాబోలు, ఒకప్పుడు మీరే కదా ఏలింది అంటారు. గండికోట చూడవచ్చినవాళ్లు జామియా మసీదూ మాధవరాయస్వామి గుడీ చూసి, కోటలోని పాత జైలు కట్టడం దగ్గర ఆగుతారు. తురకల కాలందా ఇది, అని మా మొహాలు చూస్తారు. పెమ్మసాని నాయకులేలిన కోట అది. 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఏలికలు మారినా ఖైదు గదులు మారలేదు. ఈ సీమలో దూదేకినవాళ్లం, పరుపులు కుట్టినవాళ్లం, నాపరాళ్ల గనుల్లో బండలు మోసినవాళ్లం. మీర్ జుమ్లాకూ మాకూ ఏం చుట్టరికం? చుట్టరికమేదైనా ఉంటే ఆ గదిలో పడున్నవాళ్లతోనే.

ఇప్పటి గదుల లెక్క చూడండి. 2022 ఆఖరుకి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మందిని కుక్కారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే దాదాపు జైళ్లలో ఉన్న చోటంతా నేరం రుజువు కానివాళ్లకే సరిపోయింది. 2011 జనాభా లెక్కల్లో ముస్లిములు నూటికి 14 మంది. జైళ్లలో మా వాటా అంతకన్నా ఎక్కువే. దళితులదీ ఆదివాసులదీ అదే కథ. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్తులని 1911 చట్టం కింద కర్నూలు సీమలోని సిద్ధాపురం సెటిల్‌మెంటులో పెట్టిన నేల ఇది. ఆ ముద్ర 1952లో చెరిపేశామన్నారు. 2007లో మక్కామసీదు పేలుడు తర్వాత హైదరాబాదులో పట్టుకెళ్లిన మా పిల్లలనెందరినో తర్వాత కోర్టులే నిర్దోషులన్నాయి. ముద్ర చెరిగిందని ఎట్లా నమ్మేది?

బెయిలుందిగా అంటారు. ఉంది. ఆర్డరు చేతికొచ్చినా మనిషి బయటికి రాడు. ఇద్దరు జామీనుదార్లు కావాలి. వాళ్లకు ఇల్లో పొలమో ఉండాలి. కాయితాలుండాలి. బాడుగింట్లో ఉండి తోపుడుబండి మీద పండ్లమ్మేవాడికి పూచీ ఉండేదెవరు? తాళ్లప్రొద్దుటూరు గండికోట జలాశయంలో మునిగింది. ఊరే మునిగినవాడు ఏ ఇంటి పన్ను రసీదు తెచ్చి చుట్టాన్ని విడిపించుకోవాలి? 1978లో మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీ మోతీరామ్‌కు పదివేల జామీను అడిగారు. తమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని పూచీ చెల్లదన్నారు. జామీనుదార్లు లేకుండా సొంత పూచీకత్తు మీదా వదలొచ్చని జస్టిస్ కృష్ణయ్యర్ అప్పుడే తేల్చి చెప్పారు. మరుసటేడే బీహారు జైళ్ల కేసు. పడబోయే శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణలోనే మగ్గినవాళ్ల తరఫున సుప్రీంకోర్టు కెక్కిన పేరు హుస్సేనారా ఖాతూన్, ఒక ముస్లిం ఆడమనిషిది.

సొంత పూచీకత్తును మా ముసలోళ్లు ముచ్చిలిక అనేవాళ్లు. మనిషి తన మాట రాసిచ్చి పోవడం. 2024 జులై 1న వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ దాన్ని చట్టం చేసింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే ఉంటే, జామీనుదార్ల అవసరం లేని బాండు మీద వదలాలి. ఖైదీ అడగక్కర్లేదు, జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఆగస్టులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మెలిక ఒకటుంది. ఒకటికి మించి కేసులుంటే ఈ దారి మూసుకుపోతుంది. అనుమానించిన మనిషి మీద నాలుగు కేసులు పేర్చడం ఎంతసేపు?

శిక్ష పడ్డాక కూడా ఇనపచువ్వలొక్కటే దారి కాదు. చిన్న నేరం మొదటిసారి చేసినవాణ్ని మంచి నడవడి హామీ మీద వదిలే ప్రొబేషన్ చట్టం 1958 నుంచీ ఉంది. అయిదువేల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొమ్ము తిరిగిచ్చినవాడికి కొత్త న్యాయ సంహిత సమాజసేవనే శిక్షగా పెట్టింది. మన పక్కనే అనంతపురం దగ్గర ఖైదీల వ్యవసాయ క్షేత్రం 1965 నుంచి ఉంది. చుట్టూ ఎత్తు గోడల్లేకుండా ఖైదీలు సేద్యం చేశారక్కడ.

ఫాక్షన్ సీమలో ఇట్లా వదిలేస్తే ఎట్లా అంటారు కొందరు. బాంబులేసినవాణ్ని వదలమని మేమడగడం లేదు. ఉరి, యావజ్జీవ శిక్షలు పడే నేరాలకు 479 వర్తించదు. పైగా ఫాక్షన్ నాయకుడికి జామీనుదార్లు ఎప్పుడూ కరువు కాలేదు. లోపల మిగిలేది వాడి వెనక కూలికి నడిచినవాడే.

జిల్లా జడ్జి కింద విచారణ ఖైదీల సమీక్షా కమిటీ ప్రతి జిల్లాకూ ఉంది. బెయిలొచ్చీ లోపలే ఉన్నవాళ్లెందరో కడప కమిటీని అడుగుదాం. జామీను సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీకి నలభైవేల దాకా ఇస్తామంటూ 2023లో మొదలైన కేంద్ర పథకం ఉంది, ఎందరికిచ్చారో అడుగుదాం. మా మసీదు కమిటీలనూ అడుగుతాం. మినారుకు రంగులేసే పైసల్లోంచి ఒక వకీలును పెట్టలేరా? జకాత్ తీసుకోగలవాళ్లలో మెడ విడిపించుకోవాల్సినవాళ్లనూ ఖురాన్ చెప్పింది కదా.

ములాఖత్ అంటే ఉర్దూలో ఎవరు ఎవర్ని కలిసినా ములాఖత్తే, పెళ్లిలోనైనా పండగలోనైనా. తెలుగులో ఆ మాటకు జైలు కిటికీ ఒక్కటే మిగిలింది. ఆ కిటికీ అవతల నేరం రుజువు కానివాడూ, ఇవతల టిఫిన్ డబ్బాతో వాడి తల్లీ నిలబడి ఉన్నంతకాలం ముద్దాయి ఎవరని మేమడుగుతూనే ఉంటాం.